నల్లగట్టు మీద పెద్దరాయి

ముంబయి,
జనవరి 6, 2025.

రెబ్కా అత్తకు,

క్రిస్టీనా రాసేది. క్రిస్మస్‌కు రాలేదన్న కోపం తగ్గిందా? అమ్మ పంపిన అరిసెలు అందాయి. రూములో మిగతా ఇద్దరికీ రుచి చూపించాను, ఆ చూపించడంలోనే అయిపోయాయి.

ఫోను చేస్తే నీకు వినపడక, నేను అరిచి, ఆఫీసంతా నావైపు తిరగడం ఎందుకని ఉత్తరాలు రాసుకుందాం అన్నావు. మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు అలవాటైంది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రావు.

నేనేం చేస్తున్నానని నువ్వు అడిగినప్పుడల్లా ‘రాళ్ల పని’ అని తప్పించుకున్నాను. ఈసారి సరిగా చెబుతాను, నీతో అవసరం పడింది మరి. భూమి ఒక పెద్ద అయస్కాంతమని నువ్వు బడిలో పిల్లలకు చెప్పేదానివి కదా. దాని బలం ఎప్పుడూ ఒక్కలా లేదు. భూగర్భంలోంచి కరిగిన రాయి పైకి ఎగదన్ని చల్లారేటప్పుడు, అందులోని సన్నటి ఇనుప రేణువులు ఆనాటి అయస్కాంతపు దిక్కునూ బలాన్నీ తమలో దాచుకుంటాయి. ఆ రాళ్లను పట్టుకుని, ఆనాటి బలం ఎంతో కొలవడం నా పని. మన ఊరి నల్లగట్టు అలాంటి రాయే. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట నేల చీలితే ఆ చీలికలోకి ఎక్కి ఆరిపోయింది. చుట్టూ ఉన్నది అరిగిపోయి ఇదొక్కటే గట్టులా మిగిలింది.

ఫిబ్రవరిలో వచ్చి తవ్వి ముక్కలు తీసుకెళతాను. సమాధుల వైపు బాగుంటుందని మా గైడు మేడమ్ ఫొటోలు చూసి చెప్పారు. అందుకని నాన్న దగ్గర నుంచే మొదలుపెడదామనుకుంటున్నాను. లోపల ఏముందో ఇక్కడ ల్యాబులో తేలుతుంది. ఇన్నేళ్లూ ఎవరూ ఆ పని చేయలేదు. చర్చి అయ్యగారి అనుమతి కావాలేమో, నువ్వే అడిగి పెట్టు.

చెవి డాక్టరు దగ్గరకు వెళ్లావా?

నీ
క్రిస్టీనా


గట్టుపాలెం,
జనవరి 17, 2025.

చిరంజీవి క్రిస్టీనాకు,

మీ అత్త రెబ్కా దీవెనలు. నీ ఉత్తరం చేరి మూడు రోజులైంది. ఇవాళ జవాబు రాస్తున్నాను.

అమ్మాయీ, నీకు ఎవరు ఏం చెప్పారు? మీ అమ్మ చెప్పిందా? హెలెన్ చెప్పే మనిషి కాదు. ఇరవై నాలుగేళ్లు మట్టిలో ఉన్నవాడిని తవ్వి ల్యాబులో తేల్చుకునేది ఏముంటుంది తల్లీ? చదువుకున్న పిల్లవు, ఏం చేసినా ఆలోచించే చేస్తావని తెలుసు. కానీ నాన్న దగ్గర నుంచే మొదలుపెడతానని అంత తేలిగ్గా ఎలా రాశావు? అయ్యగారిని నేను ఏ నోటితో అడగను? ఆయన కొత్తగా వచ్చారు, పేరు మార్క్. కుర్రవాడు. మన ఇంటి సంగతులు ఆయనకు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు.

ఎవరేం చెప్పినా నమ్మకు. మీ నాన్న మంచివాడు. ఇంతకంటే నేను చెప్పేది లేదు.

ఇక్కడ మిరపకోతలు మొదలయ్యాయి. ఈసారి నల్లతామర పురుగు తక్కువే, కాయ బాగానే దిగింది. అంకమ్మరావు కళ్లం మన గట్టు కిందే వేశాడు. మా బళ్లో చదివినవాడే, ఇప్పుడు మనవళ్లున్నారు. ఎర్రగా ఆరబోస్తే మన వాకిట్లోకి కూడా ఘాటు కొడుతోంది. చెవులు పోయినా ముక్కు ఉందని తుమ్ముతూనే ఉన్నాను. డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే ఊళ్లో ఫ్యాన్లన్నీ నా చెవిలోనే తిరుగుతున్నట్టుంది. తీసి పెట్టెలో పెట్టాను.

నీ ఉత్తరంలో రెండుచోట్ల ‘ళ’ బదులు ‘ల’ పడింది. చూసుకో.

దేవుడు నీకు మంచి తలంపు ఇవ్వాలని కోరే
మీ అత్త


ముంబయి,
జనవరి 27, 2025.

అత్తా,

నీ ఉత్తరం చదివి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. నాన్న సమాధిని ఎవరు తవ్వుతారు అత్తా! నేను తవ్వేది రాయిని. అదీ తవ్వడం కాదు, బొటనవేలంత లావున సన్నటి బెజ్జం. ఒక చిన్న పెట్రోలు మిషను ఉంటుంది, నీళ్లు పోస్తూ తిప్పితే రాయిలోంచి సుద్దముక్కలాంటిది ఊడి వస్తుంది. దాన్ని తీసేముందు అది ఏ దిక్కుకు ఉందో గీత గీసుకుంటాం. నాన్న సమాధి దగ్గర నుంచి గట్టు తూర్పు కొస వరకు అలా తీసుకుంటూ పోతాను. సమాధుల మీద చెయ్యి కూడా పడదు. రాసేటప్పుడు నాకు రాయి తప్ప ఇంకోటి తోచలేదు. తప్పు నా రాతది.

చర్చివాళ్లు గుంటలకు భయపడతారని నీకు దిగులేమో. అయ్యగారికి ఈ ఉత్తరమే చూపించు. వేలెడు బెజ్జాలని చెప్పు. మేం వెళ్లేటప్పుడు సిమెంటుతో పూడ్చిపెడతాం కూడా.

ఫిబ్రవరి పన్నెండున దిగుతాను. నాతో మా ల్యాబు అఫ్రోజ్ వస్తుంది. దానికి కారం పడదు, ముందే చెబుతున్నాను. నువ్వు వినవని తెలుసు.

‘ళ’ సరిచూసుకున్నాను.

నీ
క్రిస్టీనా


గట్టుపాలెం,
మార్చి 9, 2025.

చిరంజీవి క్రిస్టీనాకు,

మీ అత్త దీవెనలు. నువ్వు ఆ రాళ్ల సంచులతో క్షేమంగా చేరావని అంకమ్మరావు కోడలి ఫోనులో చూశాను. ఆ అఫ్రోజ్ పిల్ల ఎలా ఉంది? గోంగూర పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ వడ్డించుకుంది. అలాంటి పిల్లలంటే నాకు ఇష్టం.

మీరు వెళ్లాక ఊళ్లో ఒకటే గోల. గట్టును గ్రానైటు కంపెనీకి ఇచ్చేశామనీ, నువ్వు దాని ఇంజినీరు అనీ పుట్టించారు. మీరు రాళ్ల మీద పసుపు రంగుతో వేసిన నంబర్లు చూసి అంకమ్మరావు మన ఇంటికి వచ్చాడు. “టీచరమ్మా, మీ పిల్ల సర్వే రాళ్లేసిందంట గదా, నా చేను ఎంత లోపలికి పోద్ది?” అని అరుస్తున్నాడు. నాకు వినపడాలని అరిచాడో కోపంతో అరిచాడో తెలియలేదు. నువ్వు ఇచ్చిన ఒక ముక్కను వాడి చేతిలో పెట్టాను. ఇది కొలిచేది చేనును కాదురా, భూమి మొత్తాన్ని అన్నాను. కాసేపు తిప్పి చూసి, “ఇంతోటి దానికి ఆడపిల్లలు బొంబాయి నుంచి రావాలా” అని నవ్వుకుంటూ పోయాడు.

నువ్వు ఇక్కడున్న నాలుగు రోజులూ నిన్ను చూస్తూ కూర్చున్నాను. రాయి మీద మోకాళ్లు వేసి దిక్సూచిలోకి చూసేటప్పుడు కింది పెదవి కొరుక్కుంటావు. మా తమ్ముడు చేనికి మందు కలిపేటప్పుడు అలాగే కొరుక్కునేవాడు. నీకు మూడేళ్లప్పుడు పోయాడు, చూసి నేర్చుకునే వయసు కాదు.

గట్టు మీది పెద్దరాయి దగ్గర దిక్సూచి చెడిపోయిందని అఫ్రోజ్‌తో ఏదో అన్నావు. బాగు చేయించుకున్నావా? అది ల్యాబువాళ్లదైతే నీ మీదికి వస్తుందేమో.

మీ అత్త


ముంబయి,
ఏప్రిల్ 13, 2025.

అత్తా,

ఆలస్యానికి తిట్టకు. పగలంతా కొలిమి దగ్గరే ఉంటున్నాను.

ఏం చేస్తున్నానో చెబుతాను. రాయిముక్కను కొంచెం వేడిచేసి, భూమి అయస్కాంతం సోకకుండా కట్టిన పెట్టెలో చల్లారుస్తాను. అప్పుడు అది తన పాత బలంలో కొంత పోగొట్టుకుంటుంది. ఎంత పోయిందో కొలుస్తాను. మళ్లీ అదే వేడికి తెచ్చి, ఈసారి నేను పెట్టిన బలంలో చల్లారుస్తాను. ఎంత పట్టుకుందో కొలుస్తాను. నేను పెట్టిన బలం నాకు తెలుసు కాబట్టి, పోయినదాన్నీ పట్టుకున్నదాన్నీ పోల్చితే ఆనాటి బలం తెలుస్తుంది. ఇలా వేడి పెంచుకుంటూ మళ్లీ మళ్లీ చేయాలి. చాలా ముక్కలు మధ్యలోనే పాడైపోతాయి, వేడికి రాయి స్వభావమే మారిపోతుంది. వారమంతా కూర్చుని కొలిచినది శనివారానికి చెత్తబుట్టలోకి పోతుంది. ఈ పనిలో అంతేనని మేడమ్ నవ్వుతారు. నాకు నవ్వు రావడం లేదు.

గట్టు తూర్పు కొస ముక్కలు బాగానే ఉన్నట్టున్నాయి. పెద్దరాయివి మాత్రం శుద్ధ దండగ. దిక్సూచి చెడిపోలేదు అత్తా, అక్కడి రాయే చెడిపోయింది. ఆ ముక్కల్లో మిగతావాటికి వందరెట్లు బలం కనపడుతోంది. ఒకటి తూర్పు చూపిస్తే, మూర దూరంలో తీసింది పడమర చూపిస్తోంది. పిడుగు పడిన రాళ్లు ఇలాగే ఉంటాయి. ఆ కరెంటు రాయిలోంచి పోతూ పాతదంతా తుడిచేసి తన ముద్ర వేసుకుంటుంది. ఎత్తు మీది రాళ్లతో ఎప్పుడూ ఉండే పీడే ఇది. ఎండలో అంత కష్టపడి తీసినవి వృథా. రేపు వాటిని పారేసి బల్ల ఖాళీ చేస్తాను.

అంకమ్మరావు గారిని అడిగానని చెప్పు. కాయ గుంటూరు యార్డుకు పోయిందా?

నీ
క్రిస్టీనా


గట్టుపాలెం,
ఏప్రిల్ 22, 2025.

క్రిస్టీనా,

పారేయకు. ఈ ఉత్తరం చేరేసరికి పారేసి ఉంటే వెతికి తెచ్చుకో. అంకమ్మరావు కోడలితో నీకు మెసేజీ కూడా పెట్టించాను, ‘పెద్దరాయి ముక్కలు ఉంచు’ అని. అర్థం కాలేదని నువ్వేదో బొమ్మ పంపావట.

పెద్దరాయి మీద పిడుగు పడిందా? నిజంగా పడిందా? ఎప్పుడు పడిందో చెప్పగలవా?

నీకు చెప్పకూడదని హెలెన్ నా దగ్గర మాట తీసుకుంది. కానీ ఇక చెప్పక తప్పదు. మీ నాన్న ఇమ్మానుయేలు గుండె ఆగి పోలేదు. నువ్వు పుట్టిన మూడో ఏడు, పత్తికి పచ్చపురుగు పట్టి చుట్టుపక్కల ఊళ్లన్నీ ఏడ్చిన ఏడు. దసరా వెళ్లాక ఒకరోజు మధ్యాహ్నం గట్టు కింద కౌలుచేనులో మందు కొడుతున్నాడు. మబ్బు పట్టింది. అందరూ ఇళ్లకు పరిగెత్తారు, వాడు రాలేదు. వాన, గాలి, వాగు పొంగి ఎవరూ అటు పోలేకపోయాం. తెల్లవారి చూస్తే పెద్దరాయికి వీపు ఆనించి కూర్చున్నట్టే ఉన్నాడు. పక్కన పంపు, ఖాళీ మందు డబ్బా. చొక్కా అంతా మందు వాసన. ‘మందు తాగాడు’ అన్నారు. ఎవరు ముందు అన్నారో తెలియదు. కాసేపట్లో ఊరంతా అదే మాట. పోలీసులు, ఆసుపత్రి, శవానికి కోత ఎందుకని పెద్దలు చెప్పి సాయంత్రానికి మట్టిచేశారు. మందు తాగినవాడికని అప్పటి అయ్యగారు మన చర్చి గుడి తలుపు తీయలేదు. సమాధి దగ్గరే రెండు మాటలు ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

రోజంతా మందు కొట్టినవాడి చొక్కా మందు వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా? ఆ మాట నేను అన్నాను. వినేవాళ్లు లేరు.

వెంటనే రాయి.

అత్త


ముంబయి,
మే 4, 2025.

అత్తా,

ముక్కలు ఉన్నాయి. పారేయలేదు, బద్ధకించి మూల పెట్టాను. నా బద్ధకానికి మొదటిసారి దండం పెట్టుకున్నాను.

నీ ఉత్తరం చదివి ల్యాబు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లూ ప్రతి ఫారంలో, ప్రతి స్నేహితురాలికి ‘గుండెపోటు’ అని చెప్పాను. నాకు బీపీ చూసినప్పుడల్లా డాక్టరుకు కూడా చెప్పాను. నీ మీద కోపం వచ్చింది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు నీ ఇంట్లో అన్నం తిని, ఆ రాయి మీద ఎక్కి కూర్చుని పాటలు విన్నాను. నువ్వు కింద నిలబడి చూస్తూ ఉన్నావు. ఒక్క మాట అనలేదు.

అమ్మకు ఫోను చేశాను. అడగ్గానే పెట్టేసింది. మర్నాడు ఆసుపత్రిలో డ్యూటీ దిగాక తనే చేసింది. “ఏ రాయి? పెద్దరాయా?” అని మాత్రం అడిగింది. అవునన్నాను. మళ్లీ పెట్టేసింది.

ఇప్పుడు నువ్వడిగినదానికి జవాబు. పెద్దరాయి మీద పిడుగు పడింది. అందులో అనుమానం లేదు. ఎప్పుడు పడిందో నేను చెప్పలేను అత్తా. నేను చెప్పలేకపోవడం కాదు, ఎవరూ చెప్పలేరు. పిడుగు వేసిన ముద్ర మీద తేదీ ఉండదు. ఇరవై నాలుగేళ్ల కిందట పడి ఉండొచ్చు, మూడు వందల ఏళ్ల కిందట పడి ఉండొచ్చు. మేడమ్‌ను అడిగాను, పుస్తకాలన్నీ తిరగేశాను. ఆ రోజే పడిందని రాసివ్వమంటే నేను రాయలేను. నాన్న కోసం కూడా రాయలేను.

క్రిస్టీనా


గట్టుపాలెం,
మే 14, 2025.

క్రిస్టీనాకు,

నీ ఉత్తరం రావడానికి ముందు ఆదివారమే చర్చి స్త్రీల కూటంలో నిలబడి చెప్పేశాను. నా తమ్ముడు మందు తాగలేదు, పిడుగు పడి పోయాడు, బొంబాయిలో మిషను మీద తేలింది అన్నాను. అందరూ వచ్చి నా చేతులు పట్టుకున్నారు. కూటంలో నా పక్కన కూర్చునే పిచ్చమ్మ ఏడ్చింది. ఇప్పుడు నువ్వు తేదీ లేదంటున్నావు. నేను ఏ ముఖంతో గుడికి పోవాలి?

నూరు కోట్ల ఏళ్ల కిందట భూమి బలం ఎంతో చెబుతావు. నిన్నగాక మొన్న, మీ నాన్న వీపు ఆనించిన రాయి సంగతి చెప్పలేవా? లేక నీకు తెలిసే దాస్తున్నావా? పిడుగు పాతదని తేలితే, ఈ ముసలిది తట్టుకోలేదని ‘తెలియదు’ అని రాశావా? అలాగైతే చెప్పేయి. దాచిపెట్టడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, చాలాకాలం చేశాను. నువ్వు చేయకు.

ఫిబ్రవరిలో ఎందుకు చెప్పలేదని అడిగావు. ఆ రాయి మీద నువ్వు కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నావు. ఆ చోట ఒక మనిషి నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. చెప్పబుద్ధి కాలేదు.

సెలవు పెట్టుకుని రా. హెలెన్‌ను తీసుకురా. మట్టిచేసిన రోజు నుంచి ఆమె ఈ ఊరు తొక్కలేదు. నిన్ను చంకనెత్తుకుని గుంటూరు బస్సెక్కి పోయింది, నేను వెనక నడిచి రోడ్డు దాకా వెళ్లాను. ఆ రాయి ఏం చెబుతుందో, ఏం చెప్పదో, ఇద్దరూ నా ఎదురుగా నిలబడి చెప్పండి. కాగితం మీద ఇక నావల్ల కాదు.

మీ అత్త


ముంబయి,
జూన్ 22, 2025.

అత్తా,

నిన్న చేరాను. మన ఊరి నుంచి తిరిగి వస్తూ గుంటూరులో రెండు రోజులు అమ్మ దగ్గర ఉన్నాను.

నీకు వినపడని మాటలు కొన్ని ఉన్నాయి, అవి రాయడానికే ఈ ఉత్తరం. ఆ రోజు పొద్దున నేను దిక్సూచిని అమ్మ చేతిలో పెట్టి, పెద్దరాయి చుట్టూ మెల్లగా నడవమన్నాను కదా. ముల్లు తిరగడం నువ్వూ చూశావు. దూరంగా ఉన్నప్పుడు ఉత్తరం చూపించింది. దగ్గరికి వచ్చేకొద్దీ పక్కకు ఒరిగింది. రాయి ఆ పక్కకు వెళ్లేసరికి ఎదురు తిరిగింది. నాన్న కూర్చున్న చోటేదని అమ్మ నిన్ను అడిగింది, నువ్వు చెయ్యి పెట్టి చూపించావు. ముల్లు అక్కడే ఎక్కువ తిరుగుతోంది. పిడుగు దిగింది ఆ పక్కనే అని నేను చెప్పాను. నువ్వు నా నోరు చూస్తున్నావు. “ఆ రోజేనా?” అని నువ్వు అడిగితే నేను తల అడ్డంగా ఊపాను. తెలియదు అని. నీ కళ్లు చూసి, అబద్ధం చెబితే ఏం పోతుందని ఒక్క క్షణం అనిపించింది. చెప్పలేదు. నువ్వు నా తల మీద చెయ్యి వేశావు. దాచడం లేదని అప్పుడు నమ్మావా?

బస్సు అద్దంకి దాటింది. అప్పుడు అమ్మ చెప్పింది. గుంటూరులో తనకు నర్సు ఉద్యోగం వచ్చిందట, నాన్న కౌలు వదిలి రానన్నాడట. “నువ్వు ఈ మట్టినే పట్టుకుని ఉండు, నేనూ పిల్లా పోతాం అన్నాను. పొద్దున అన్న మాట, సాయంత్రానికి వాన” అంది. ఆ మాటకే నాన్న మందు తాగాడని ఇన్నేళ్లూ అనుకుంది. ఊరు అనుకున్నదానికంటే ఎక్కువ నమ్మింది అమ్మే. అందుకే నీ ముఖం చూడలేక ఊరు రాలేదట. “తెలియదు అన్నావు కదూ?” అని నన్ను మళ్లీ అడిగింది. అవునన్నాను. “తెలియకపోవడం కూడా నాకు చాలా ఎక్కువే. నాకైతే ఇన్నాళ్లూ తెలుసు అనుకున్నాను” అంది. తర్వాత నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అమ్మ అలా పడుకోవడం నాకు గుర్తు లేదు.

తూర్పు కొస ముక్కల్లో ఏడు చివరిదాకా నిలబడ్డాయి. అప్పటి భూమి బలం ఇప్పటిదాంట్లో మూడోవంతు ఉన్నట్టు చెబుతున్నాయి. మేడమ్ సంతోషించారు. పెద్దరాయివి నా థీసిస్‌లో ఒక్క వాక్యం: పిడుగు వల్ల పక్కన పెట్టినవి. ఆ వాక్యం రాయడానికి ఒక పూట పట్టింది.

నీ
క్రిస్టీనా


గట్టుపాలెం,
ఆగస్టు 5, 2025.

చిరంజీవి క్రిస్టీనాకు,

మీ అత్త దీవెనలు. మీ అమ్మ అంతా ఫోనులో చెప్పే ఉంటుంది. కానీ ఆమెకు ఏడుపులో సగం తెలియదు, కాబట్టి నేను రాస్తాను.

నువ్వు దాచడం లేదని నమ్మాను. రాయి దగ్గర నీ ముఖం చూసినప్పుడే నమ్మాను. మీ నాన్నకూ అబద్ధం చెప్పడం చేతకాదు.

నువ్వు వెళ్లిన తర్వాతి ఆదివారం స్త్రీల కూటంలో మళ్లీ నిలబడ్డాను. పోయిన నెల నేను చెప్పింది సరికాదు, రాయి మీద పిడుగు పడిన మాట నిజం, ఆ రోజే పడిందో లేదో తెలియదు అన్నాను. ఎవరూ దగ్గరికి రాలేదు. పిచ్చమ్మ కూడా తల దించుకుంది. ఇంటికి వచ్చి ఆ పూట కూర తాలింపు పెట్టుకుంటూ ఆలోచించాను. పిడుగు పడితే గుడి తలుపు తీస్తారు, పడకపోతే తీయరు, అంతేనా? అయితే నేను ఇన్నేళ్లూ అడగాల్సింది అడగనే లేదు.

చీర మార్చుకుని అయ్యగారి ఇంటికి వెళ్లాను. సంఘపెద్దలు నలుగురూ అక్కడే ఉన్నారు. మా తమ్ముడికి గుడిలో జ్ఞాపకార్థ కూటం పెట్టాలని అడిగాను. పెద్దాయన ఒకరు వేలు ఊపుతూ ఏదో అన్నారు. రుజువు ఉందా అని అయ్యుంటుంది. నేను చెప్పాను: “మందు తాగాడు అన్న రోజు మీరెవరూ రుజువు అడగలేదండి. ఇప్పుడు నా దగ్గరా రుజువు లేదు. పిడుగు అని నేను అడగడం లేదు. మందే తాగాడనుకోండి. కష్టం వచ్చి తాగినవాడిని బయట పెట్టి తలుపేసుకోవడానికా మనకు గుడి? వాడు ఈ గుడికి సున్నం వేసినవాడు. లోపలికి తీసుకురండి.”

వాళ్లంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. చెవిటితనం అప్పుడు కలిసొచ్చింది. చేతిసంచిలోంచి కాగితం తీసి, “నాకు వినపడదండి, కాదని ఎందుకంటున్నారో రాసివ్వండి” అని బల్ల మీద పెట్టాను. కాగితం ఒకరి దగ్గర నుంచి ఒకరి దగ్గరకు వెళ్లింది. రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి మార్క్ అయ్యగారు కలం తీసుకుని, ‘ఆగస్టు మూడు, ఆదివారం, ఆరాధన తర్వాత’ అని రాసి నాకు ఇచ్చారు.

హెలెన్ శనివారమే వచ్చింది. రాత్రికి ఇద్దరం కలిసి వంకాయ కూర వండుకున్నాం. ఉప్పు ఎక్కువైంది, ఇద్దరం తిన్నాం.

ఆదివారం మీ నాన్న ఫొటోను ముందు బల్ల మీద పెట్టారు. పెళ్లినాటిది, మీసాలు సరిగ్గా మొలవనిది. గుడి నిండింది. కూటంలో నన్ను చూసి మొహం తిప్పుకున్నవాళ్లు కూడా వచ్చారు. అంకమ్మరావు చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడితే అయ్యగారు వెళ్లి చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టారు. నాకు పాట వినపడలేదు గానీ డోలక్ దెబ్బ బెంచీలోంచి తెలిసింది.

తర్వాత కుటుంబం తరఫున మాట్లాడమని అయ్యగారు నన్ను పిలిచారు. నేను లేవబోయాను. హెలెన్ నా భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే లేచింది. ఫొటో పక్కన నిలబడింది. నీకు తెలుసు కదా, ఇన్నేళ్లలో ఆమె అతని పేరు ఎత్తలేదు. ‘మీ తమ్ముడు’ అనేది, నీతో ‘మీ నాన్న’ అనేది. నేను ఆమె నోటివంకే చూస్తూ ఉన్నాను. పెదవులు కలిశాయి, విడిపోయాయి. ఏమందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇమ్మానుయేలు అంది.

మీ అత్త
రెబ్కా